దవడ సర్జరీకి ఒంటరిగా విదేశం: ప్యాకేజీలో ఏముంటుంది, ఏముండదు

దవడ సరిచేసే ఆపరేషన్ కోసం బయటి దేశాల ఆసుపత్రులు ఇచ్చే ప్యాకేజీలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. వీడియో కాల్‌లో సర్జన్‌తో మాట, స్కాన్లు, కంప్యూటర్ మీద ప్లానింగ్, ఆపరేషన్, ఆసుపత్రిలో రెండు మూడు రాత్రులు, ఎయిర్‌పోర్టు నుంచి కారు, మధ్యలో మాట అందించే ఒక కోఆర్డినేటర్. తోడెవరూ లేకుండా వెళ్లే మనిషికి ఇది సరిపోతుందా లేదా అన్నది చూడటమే ఈ సమీక్ష పని.

ముందే తేల్చి చెబుతున్నాం: ఆపరేషన్ బల్ల దిగేదాకా సరిపోతుంది, డిశ్చార్జి కాగితం చేతికొచ్చాక సరిపోదు. ఈ సర్జరీలో అసలు కష్టం రెండో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా. వాపు, తిండి, నిద్ర, ముక్కు, పై కింది పళ్లను కలిపి పట్టే రబ్బర్లు అన్నీ అప్పుడే మీద పడతాయి. ప్యాకేజీ బాధ్యత మాత్రం మూడో రోజుకే పలచబడుతుంది. ఏ రెండు ఆసుపత్రులను పోల్చినా, ఆ రెండు వారాల గురించి ఎవరు ఏం రాసిస్తారో చూసి డబ్బు కట్టాలి. మార్కులు వేయమంటే ప్లానింగుకు 5కి 4, ఆపరేషన్‌కు, వార్డుకు 4.5, ఇంటికి పంపే కాగితాలకు 2.5, డిశ్చార్జి తర్వాతి చూపుకు 2.

కొంటున్నది ఏమిటో ముందు తెలియాలి. పై దవడకు చేసేది లెఫోర్ట్-1 కోత. పై పళ్ల వేళ్లకు కాస్త పైన, ముక్కు అడుగున అడ్డంగా కోసి, పళ్లతో అంగిలితో సహా ఆ భాగాన్ని విడదీసి కొత్త చోట నిలబెడతారు. 1901లో రెనే లెఫోర్ట్ అనే ఫ్రెంచి సర్జన్ ముఖం ఎముకలు ఏ గీతల వెంట విరుగుతాయో వివరించాడు; వాటిలో మొదటి గీత వెంటే ఈ కోత నడుస్తుంది. కింది దవడకు చేసేది సాజిటల్ స్ప్లిట్. వెనక దంతాల దగ్గర ఎముకను దాని మందంలో రెండు పలకలుగా చీల్చి, పళ్లున్న భాగాన్ని ముందుకో వెనక్కో జరిపి, పలకలు ఒకదాని మీద ఒకటి ఆనిన చోట బిగిస్తారు. ట్రౌనర్, ఓబ్‌వెగెసర్ అనే సర్జన్లు 1957లో ప్రచురించిన ఈ పద్ధతే, తర్వాతి మార్పులతో, ఇప్పటికీ నడుస్తోంది. కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం సరిగ్గా ఆ చీలిక మధ్యనుంచి పోతుంది. ఆపరేషన్ ఎంత బాగా జరిగినా పెదవి మొద్దుబారేది అందుకే. రెండు దవడలూ కలిపి చేస్తే సుమారు మూడు నుంచి ఐదు గంటలు పడుతుంది. కోతలు దాదాపు అన్నీ నోటి లోపలే. ఎముకలను టైటానియం ప్లేట్లు, స్క్రూలు పట్టి ఉంచుతాయి.

విమానం ఎక్కకముందు జరగాల్సింది

ఈ పనిలో ఎక్కువ నష్టం ఆపరేషన్ గదిలో జరగదు, అంతకు నెలల ముందే క్లిప్పుల దగ్గర జరిగిపోతుంది. దవడ తేడాగా ఉన్నవాళ్ల పళ్లు ఏళ్ల తరబడి ఆ తేడాను కప్పిపుచ్చుతూ ఒకవైపు వాలిపోయి ఉంటాయి. ఆర్థోడాంటిస్ట్, అంటే క్లిప్పులు వేసి పళ్లు సరిచేసే డాక్టర్, వాటిని మళ్లీ తమ ఎముక మీద నిటారుగా నిలబెట్టాలి. దీనికి సాధారణంగా 12 నుంచి 18 నెలలు పడుతుంది. ఆ నెలల్లో ముఖం, పళ్ల కలయిక మునుపటికంటే వికారంగా కనిపిస్తాయి. భయపడి మధ్యలో ఆపించకూడదు. పళ్లు ఎంత నిటారుగా నిలబడితే సర్జన్‌కు దవడను జరపడానికి అంత చోటు దొరుకుతుంది.

సర్జరీకి ముందు పెట్టే చివరి వైరు గట్టి స్టీలు వైరు. 0.022 అంగుళాల స్లాట్ (వైరు కూర్చునే గాడి) ఉన్న క్లిప్పుల్లో మామూలుగా 0.019×0.025 అంగుళాల దీర్ఘచతురస్రపు వైరు వేసి, దానికి చిన్న కొక్కేలు బిగిస్తారు. ఆ వైరు పళ్లను ఇంకేమాత్రం కదపకూడదు. చివరి స్కాన్‌కు కనీసం నాలుగు వారాల ముందునుంచి అది నోట్లో నిశ్చలంగా ఉండాలి. ఎందుకంటే ఆపరేషన్‌లో దవడను ఎక్కడ నిలపాలో చెప్పే ప్లాస్టిక్ అచ్చును, అంటే స్ప్లింట్‌ను, ఆ స్కాన్‌నుంచే త్రీడీ ప్రింటర్‌లో తీస్తారు. స్కాన్ అయ్యాక పళ్లు అర మిల్లీమీటరు జరిగినా స్ప్లింట్ పూర్తిగా కూర్చోదు, ఊగుతుంది. ఊగే స్ప్లింట్‌ను నమ్మి బిగించిన దవడ తప్పు చోట బిగుస్తుంది.

దూరంనుంచి ప్లానింగ్ చేసే ప్యాకేజీల్లో ఇదే పెద్ద బలహీనత. ఆరు నెలల కిందటి స్కాన్ పంపండి చాలు, వచ్చిన మర్నాడే ఆపరేషన్ అనే చోటికి వెళ్లొద్దు. దిగిన తర్వాత నోటి స్కాన్ కొత్తగా తీసి, ప్రింటు చేసిన స్ప్లింట్‌ను ఆపరేషన్‌కు ముందే నోట్లో పెట్టి చూసే ఆసుపత్రిని ఎంచుకోవాలి. అలా చూసేటప్పుడు స్ప్లింట్ వేలితో నొక్కకుండానే కూర్చోవాలి, ఏ మూలా పైకి లేవకూడదు. వదులైన క్లిప్పు ఒక్కటున్నా ఆ రోజే చెప్పి అతికించుకోవాలి. మత్తులో ఉండగా ఊడిన క్లిప్పు గొంతులోకో గాయంలోకో పోయే ప్రమాదం ఉంది.

పంపే ఫైళ్ల విషయంలో కూడా ఖచ్చితంగా ఉండాలి. సీబీసీటీని, అంటే దవడ ఎముకల త్రీడీ ఎక్స్-రే స్కాన్‌ను, డైకామ్ ఫైళ్లుగా (స్కాన్ యంత్రం ఇచ్చే అసలు ఫైళ్లు) పంపాలి, తెర మీద తీసిన ఫొటోలు పనికిరావు. పళ్ల స్కాన్‌ను ఎస్‌టీఎల్ ఫైళ్లుగా (త్రీడీ ఆకారం ఉండే ఫైళ్లు) పంపాలి. స్కాన్ తీసేటప్పుడు పెదవులు వదులుగా ఉండాలి, దవడ కీలు తన గూట్లో సహజంగా కూర్చుని ఉండాలి. ముందుకు చాచి కొరికే అలవాటున్నవాళ్లు అలాగే కొరికి స్కాన్ తీయించుకుంటే, కంప్యూటర్‌లో కనిపించే తేడా అసలు తేడా కాదు.

ప్లాన్ చూపించమని అడిగితే కొన్నిచోట్ల ఆపరేషన్ తర్వాత ముఖం ఎలా ఉంటుందో బొమ్మ చూపిస్తారు. బొమ్మ ప్లాన్ కాదు. పై దవడ ఎన్ని మిల్లీమీటర్లు ముందుకు, ఎన్ని పైకి, మధ్యగీత ఎటు ఎంత, కింది దవడ ఎంత, గడ్డం ఎంత అన్న అంకెలు కాగితం మీద కావాలి. పెదవులు వదులుగా ఉన్నప్పుడు పై ముందు పళ్లు ఎంత కనబడేలా పెడుతున్నారో కూడా అడగాలి. సాధారణంగా 2 నుంచి 4 మిల్లీమీటర్లు చూస్తారు. ముఖం పెద్దదిగానో చిన్నదిగానో మారిందని తర్వాత బాధపడేవాళ్లలో చాలామంది ఈ అంకెలను ముందు చూడనివాళ్లే.

జ్ఞానదంతాల సంగతి చాలామంది మర్చిపోతారు. కింది దవడ చీల్చే చోటే అవి కూర్చుని ఉంటాయి. అక్కడ పన్నుంటే ఎముక అనుకున్న గీత వెంట కాక అడ్డదిడ్డంగా విరిగే అవకాశం పెరుగుతుందని చాలామంది సర్జన్లు ఆరు నెలల ముందే తీయించమంటారు, ఆ గుంట ఎముకతో నిండాలి కాబట్టి. కొందరు ఆపరేషన్‌లోనే తీసేస్తారు. మీ సర్జన్ ఏది చేస్తారో మొదటి కాల్‌లోనే తేల్చుకోండి, ఆఖరి నెలలో తెలిస్తే తేదీ ఆరు నెలలు వెనక్కి పోతుంది.

క్లిప్పులు వేయకుండా ముందే ఆపరేషన్ చేసే పద్ధతి ఒకటుంది, సర్జరీ ఫస్ట్ అంటారు. దూరంనుంచి వచ్చేవాళ్లకు ఇది బాగా నచ్చుతుంది, ముందు ఏడాదిన్నర ఆగక్కర్లేదు కదా. అందరికీ నప్పదు. పళ్లు బాగా వంకరగా కిక్కిరిసి ఉన్నవాళ్లకు, పై కింది వరుసల వెడల్పులో తేడా ఎక్కువున్నవాళ్లకు నప్పదు. నప్పినవాళ్లకు కూడా ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు పళ్లు సరిగా కలవవు, పని మొత్తం ఇంటి దగ్గరి ఆర్థోడాంటిస్ట్ మీద పడుతుంది. ఆయన ఆ పద్ధతి తెలిసినవారై, కేసు తీసుకుంటానని ముందే రాసిచ్చిన వారైతేనే దాని గురించి ఆలోచించాలి. అసలు ఏ పద్ధతైనా సరే, వేరే చోట ఆపరేషన్ అయిన నోటిని చూడటానికి చాలామంది డాక్టర్లు ఇష్టపడరు. ఆ మాట ముందే తీసుకోవాలి.

ఆసుపత్రి గోడ మీద జేసీఐ (జాయింట్ కమిషన్ ఇంటర్నేషనల్ అనే సంస్థ) గుర్తింపు ఉంటే మంచిదే. కానీ అది ఆసుపత్రి పద్ధతులకు ఇచ్చిన గుర్తింపు, సర్జన్ చేతికి ఇచ్చింది కాదు. కాల్‌లో మాట్లాడినవారే కత్తి పట్టుకుంటారా, వాళ్లు ఏడాదికి ఎన్ని డబుల్ జా (రెండు దవడలూ కలిపి చేసే ఆపరేషన్లు) చేస్తారు, మళ్లీ బల్ల ఎక్కించాల్సి వచ్చినవి ఎన్ని అని సూటిగా అడగండి. అడిగినందుకు నొచ్చుకునే చోట ఆగక్కర్లేదు.

రోజుల లెక్క

దిగిన అయిదు నుంచి ఏడు రోజుల తర్వాత ఆపరేషన్ ఉండేలా చూసుకోవాలి. రక్తపరీక్షలు, మత్తు డాక్టర్ చూపు, స్కాన్, స్ప్లింట్ పరీక్షకు ఆ రోజులు కావాలి. ప్రయాణంలో జలుబు పట్టినా ముందే బయటపడుతుంది. మత్తు గొట్టాన్ని ముక్కులోంచి వేస్తారు కాబట్టి జలుబుంటే తేదీ మారుతుంది. ఆపరేషన్ వారం మొదట్లో పెట్టించుకోవాలి. శుక్రవారం చేయించుకుంటే, వాపు శిఖరాన ఉండే రెండో మూడో రోజులు సెలవుల్లో పడతాయి, తెలిసిన డాక్టరెవరూ అందుబాటులో ఉండరు. ఆస్పిరిన్ లాంటి రక్తం పలచన చేసే మందులు ఎప్పుడు ఆపాలో ముందే అడిగి, రాయించుకోండి. పొగతాగేవాళ్లు కనీసం నాలుగు వారాల ముందు మానాలి. నికోటిన్ పళ్ల చిగుళ్లకు, ఎముకకు రక్తం తగ్గిస్తుంది, పై దవడ ముక్క బతికేది ఆ రక్తం మీదే.

ఆపరేషన్ తర్వాత అక్కడ ఉండాల్సింది కనీసం మూడు వారాలు, నాలుగైతే ఇంకా మేలు. రెండు వారాల ప్యాకేజీ అని కనబడితే దాన్ని ఒంటరి మనిషి కోసం రాయలేదని అర్థం చేసుకోవాలి. వీసా రోజులు, తిరుగు టికెట్ మార్చుకునే వీలు, గది అద్దె ఇంకో వారానికి పెంచుకునే వీలు అన్నీ ఈ లెక్కకు తగ్గట్టు ఉండాలి. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ ముందే అనుకుని చేయించుకునే వైద్యాన్ని, దానివల్ల వచ్చే చిక్కులను సాధారణంగా కవర్ చేయదు. వైద్యప్రయాణం కోసం ఉండే పాలసీని వేరుగా వెతకాలి.

పూర్తి మత్తు ఇచ్చాక మొదటి ఇరవైనాలుగు గంటలైనా పెద్దవాళ్లు ఒకరు పక్కనుండాలి అన్నది మామూలు వైద్య నియమం. తోడు లేకపోతే డిశ్చార్జి చేయని ఆసుపత్రులున్నాయి, చేసి గదికి పంపేసేవీ ఉన్నాయి. రెండోదే ఎక్కువ ప్రమాదం. గదికి మారాక మొదటి మూడు రాత్రులకు డబ్బిచ్చి ఒక నర్సునో అటెండెంటునో పెట్టుకోవాలి. విమానం టికెట్ కొనకముందే ఇది కుదుర్చుకోవాలి, ఎందుకంటే ఆపరేషన్ అయ్యాక ఫోన్‌లో బేరమాడటానికి నోరు రాదు.

ఆ మొదటి రోజుల్లో

మెలకువ వచ్చేసరికి ముక్కు బిగిసి ఉంటుంది, పళ్ల మధ్య స్ప్లింట్, పై కింది కొక్కేలకు రబ్బర్లు, పెదవులు రాయిలా ఉంటాయి. ఊపిరి పళ్ల సందుల్లోంచే. ఊపిరి ఆడటం లేదన్న భయం మొదటి రాత్రి చాలామందికి వస్తుంది. తల 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తులో పెట్టుకుని నెమ్మదిగా నోటితో పీల్చుకుంటే గాలి వస్తుంది. మాట రాదు కాబట్టి అక్కడి భాషలో రాసిన అట్టముక్కలు తీసుకెళ్లాలి: ఊపిరి ఆడటం లేదు, నోట్లోకి రక్తం వస్తోంది, వాంతి వస్తోంది, నొప్పి తగ్గలేదు, కోఆర్డినేటర్‌ను పిలవండి. ఈ అయిదూ చాలు. రాత్రి రెండింటికి కోఆర్డినేటర్ ఫోన్ ఎత్తుతారా అన్నది ఒప్పందంలో రాసి ఉండాలి.

ఆపరేషన్‌లో మింగిన రక్తంవల్ల వాంతి రావచ్చు. వస్తే వెంటనే లేచి ముందుకు వంగాలి. కడుపులో ద్రవమే ఉంటుంది కాబట్టి పళ్ల సందుల్లోంచి, చివరి దంతాల వెనకనుంచి బయటకు పోతుంది. వెల్లకిలా మాత్రం ఉండకూడదు. దవడలను రబ్బర్లతో కట్టారా, వైర్లతో కట్టారా అడిగి తెలుసుకోండి. రబ్బర్లయితే మొండి మొన ఉన్న చిన్న కత్తెర, వైర్లయితే వైరు కత్తిరించే పట్టుకారు మెడలోనో మంచం పక్కనో ఎప్పుడూ ఉండాలి. ఏ వైర్లు కత్తిరించాలో సర్జన్ చేత అద్దంలో చూపించుకోవాలి. ఒంటరిగా వెళ్లేవాళ్లు వైర్లు వద్దు, రబ్బర్లే కావాలని ముందే చెప్పడం మంచిది. ప్లేట్లు గట్టిగా బిగించిన కేసుల్లో చాలావరకు రబ్బర్లే సరిపోతాయి.

వాపు రెండో మూడో రోజున శిఖరానికి చేరుతుంది, రెండు మూడు వారాల్లో చాలావరకు దిగుతుంది, మిగిలింది పోవడానికి ఆరు నెలలనుంచి ఏడాది పడుతుంది. ఐసు మొదటి రెండు రోజులే. మొద్దుబారిన చర్మానికి చలి తెలియదు, కాబట్టి గుడ్డ చుట్టి ఇరవై నిమిషాలు పెట్టి తీసేయాలి. కమిలిన రంగు వారానికి మెడ మీదికి, ఛాతీ మీదికి పసుపుపచ్చగా జారుతుంది. అది రక్తం బరువుకు కిందికి దిగడమే. ముక్కు కోసం ఉప్పునీటి స్ప్రే ఎన్నిసార్లయినా వాడొచ్చు. జైలోమెటజోలిన్ లాంటి మూసుకున్న ముక్కు తెరిచే చుక్కలు అయిదు రోజులకు మించి వాడితే ముక్కు తిరగబడి ఇంకా బిగుసుకుంటుంది. పై దవడ కోసినవాళ్లు ముక్కు చీదకూడదు, తుమ్మొస్తే నోరు వీలైనంత తెరిచి తుమ్మాలి. చీదితే సైనస్‌లోని గాలి కోతలోంచి చెంప చర్మం కిందికి ఎక్కుతుంది.

తిండి దగ్గర కాస్త ఆగాలి, ఒంటరి మనిషికి అన్నిటికంటే ఎక్కువ సమయం తినేది ఇదే. కావాల్సింది 60 మిల్లీలీటర్ల సిరంజి, దాని మూతికి తొడిగే వేలెడంత మెత్తని రబ్బరు గొట్టం. అద్దం ముందు నిటారుగా కూర్చుని, గొట్టాన్ని చెంపకు పళ్లకు మధ్యనుంచి వెనక్కి, చివరి దంతం దాటేదాకా పోనివ్వాలి. అయిదు, పది మిల్లీలీటర్లు నెట్టి, ఆగి, మింగి, మళ్లీ నెట్టాలి. తొందరపడి నెడితే పొరబోతుంది. పెదవికి తెలియదు కాబట్టి ద్రవం గడ్డం మీదనుంచి కారుతున్నా అద్దంలో చూస్తే తప్ప తెలియదు. ఒళ్లో తువ్వాలు ఉండాలి. వేడి మణికట్టు మీద చుక్క వేసి చూసుకోవాలి. మొద్దుబారిన పెదవి కాలినా నొప్పి పుట్టదు, మర్నాడు బొబ్బ కనబడేదాకా తెలియదు.

ఇక లెక్క. మిల్లీలీటరుకు ఒక కేలరీ ఇచ్చే ద్రవమైతే 2,000 కేలరీలకు రెండు లీటర్లు, అంటే ముప్పైమూడు సిరంజిలు. ఒకటిన్నర కేలరీల చిక్కటి పానీయమైతే ఇరవైరెండు. ఆ పైన మంచినీళ్లు వేరే. నాలుగో రోజు నీరసంగా నిద్రలోంచి లేచి ఇరవైరెండు సిరంజిలు ఒక్కరే ఎక్కించుకోవడం చిన్న పని కాదు. అందుకే చిక్కటి పానీయాలు రెండు వారాలకు సరిపడా ఆపరేషన్‌కు ముందే గదిలో పేర్చుకోవాలి. ఇంట్లో మిక్సీలో పట్టినదైతే సన్నని జల్లెడలో వడకట్టాలి, ఒక్క గింజ చాలు గొట్టం మూసుకుపోవడానికి. తిండి తక్కువై నాలుగైదు కిలోలు తగ్గేవాళ్లు చాలామంది. రెండు వారాల తర్వాత మెత్తగా గుజ్జు చేసినవి, ఆరు వారాలదాకా నమలకుండా మింగగలిగేవి మాత్రమే. మందులు సిరప్‌గా రాయించుకోండి. నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్రలను నూరి తాగకూడదు, మందంతా ఒకేసారి ఒంట్లోకి దిగిపోతుంది.

గది గురించి ప్యాకేజీ వాళ్లు చెప్పేవి పట్టించుకోకుండా ఇవి చూడండి: ఆసుపత్రికి పావుగంట లోపు దూరం, లిఫ్టు, ఫ్రిజ్, మిక్సీ, వాలు దిండు లేదా వాలు కుర్చీ, పగలూ రాత్రీ మనిషుండే రిసెప్షన్. రోజూ ఒకే సమయానికి ఇంట్లో ఒకరికి మెసేజ్ పెట్టే ఒప్పందం చేసుకోవాలి. గంటలోపు రాకపోతే వాళ్లు రిసెప్షన్‌కు, ఆ తర్వాత ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఈ ఏర్పాటుకు ఖర్చేమీ లేదు, తోడు లేని లోటును అన్నిటికంటే బాగా పూడ్చేది ఇదే. మొదటి పది రోజుల్లో మనసు కుంగడం కూడా మామూలే. వాపు కోసం ఇచ్చిన స్టెరాయిడ్లు ఆగిపోతాయి, తిండి చాలదు, నిద్ర ఉండదు, అద్దంలో ముఖం పరాయిదిగా ఉంటుంది. ఎందుకు చేయించుకున్నానా అనిపిస్తుంది. ఆ రోజుల్లో ముఖం బాగా వచ్చిందా లేదా అని తేల్చుకోకూడదు, వాపు దిగకముందు ఆ ప్రశ్నకు జవాబు ఉండదు.

ఎప్పుడు పరుగెత్తాలి

ముక్కులోంచి ఎర్రటి తాజా రక్తం ధారగా పది పదిహేను నిమిషాలకు ఆగకపోతే ఎమర్జెన్సీకి వెళ్లాలి. మొదటి వారంలో నల్లగా గడ్డలు పడటం వేరు. రెండో వారంలో, అంతా బాగుందనుకున్నాక, ఉన్నట్టుండి వచ్చే రక్తం వేరు. పై దవడ వెనక ఉండే రక్తనాళం దెబ్బతిని ఉంటే అలా ఆలస్యంగా బయటపడుతుంది. ఇది అరుదే, కానీ రెండో వారంలో విమానంలో ఉండకూడదని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు. కూర్చుని ముందుకు వంగి, రక్తం మింగకుండా బయటికి వదులుతూ అంబులెన్స్ పిలవాలి. ఊపిరి కష్టమైనా, అయిదో రోజు తర్వాత వాపు తగ్గకుండా పెరిగినా, జ్వరం 38 డిగ్రీలు దాటి నిలిచినా, పిక్కలో నొప్పి వాపు వచ్చినా ఆగకూడదు.

ఇంకొకటి నొప్పి పెట్టదు, అందుకే తప్పిపోతుంది. పళ్లు నిన్న కలిసినట్టు ఈరోజు కలవకపోవడం. ఆపరేషన్‌లో దవడ కీలు గూట్లో సరిగా కూర్చోకుండా బిగిసి ఉంటే, రబ్బర్లు తీసిన వెంటనే కింది దవడ పక్కకో వెనక్కో జారుతుంది. మొదటి వారంలో పట్టుకుంటే మళ్లీ తెరిచి స్క్రూలు సరిచేయడం పెద్ద పని కాదు. ఆరు వారాలకు ఎముక అతుక్కుంటుంది, అప్పుడు మళ్లీ కోయాల్సిందే. కనీసం రెండుసార్లు, రబ్బర్లు పూర్తిగా తీయించి, సర్జన్ చేత పళ్ల కలయిక చూపించుకుని, ఎక్స్-రే తీయించుకోకుండా ఆ ఊరు వదలకండి. అలా మళ్లీ బల్ల ఎక్కాల్సి వస్తే ఆపరేషన్ గది, మత్తు, ప్లేట్ల ఖర్చు ఎవరిది, ఎన్ని నెలలదాకా అన్నది ఒప్పందంలో ఉండాలి. మా దృష్టిలో ప్యాకేజీ ధరకంటే ఈ ఒక్క వాక్యానికి విలువ ఎక్కువ.

రబ్బర్లు మార్చుకోవడం కూడా అక్కడే నేర్చుకోవాలి. ఏ కొక్కేనుంచి ఏ కొక్కేకు, ఏ సైజు, రోజుకు ఎన్ని గంటలు అన్నది నోరు తెరిచి ఫొటో తీసి పెట్టుకోండి. పొట్లం మీద 3/16 అంగుళం, 1/4 అంగుళం అని, పక్కన బలం ఔన్సుల్లో ఉంటుంది. రెండు అంకెలూ ముఖ్యమే. సైజు అదే అయినా బలం ఎక్కువైతే దవడను లాగేస్తుంది. రెండు నెలలకు సరిపడా తెచ్చుకోండి.

తిరుగు ప్రయాణం

విమానం ఎప్పుడెక్కాలో సర్జన్ చెప్పాలి. పై దవడ కోసినవాళ్లకు మూడు వారాల ముందు వద్దనే మా అభిప్రాయం. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. సైనస్ దారి మూసుకుని ఉంటే దిగేటప్పుడు చెంప పగిలేంత నొప్పి పుడుతుంది. దిగడానికి అరగంట ముందు డాక్టర్ ఒప్పుకున్న ముక్కు చుక్కలు వేసుకుని, గుటకలు మింగుతూ ఉండాలి. ముక్కు మూసి గాలి ఊదే అలవాటు మాత్రం పనికిరాదు. ముక్కు చీదితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

దవడలు వైర్లతో కట్టి ఉంటే విమానసంస్థలు అడ్డుపడతాయి. విమానసంస్థల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ వైద్య మార్గదర్శకాల ప్రకారం అలాంటి ప్రయాణికుడికి వైరు కత్తిరించగలిగే తోడుండాలి, లేదా తనంతట తాను తేలిగ్గా విప్పుకునే కట్టు ఉండాలి. ఒంటరిగా వెళ్లేవాళ్లకు రబ్బర్లే మేలనడానికి ఇది రెండో కారణం. మెడిఫ్ ఫారం (ప్రయాణానికి ఆరోగ్యం సరిపోతుందని డాక్టర్ నింపే కాగితం) కావాలేమో విమానసంస్థను ముందే అడగండి. ద్రవాహారం, సిరంజి, కత్తెర చేతిసంచిలో ఉంచుకోవడానికి సర్జన్ ఉత్తరం ఉండాలి. కొన్ని నొప్పి మందులు ఒక దేశంలో మామూలు, ఇంకో దేశంలో నేరం. కోడీన్, ట్రమడాల్‌లకు యూఏఈలో ముందస్తు అనుమతి కావాలి; మధ్యలో దిగి మారే దేశపు నియమం కూడా చూసుకోవాలి.

సామాను ఎత్తకూడదు. బరువెత్తి బిగబడితే తలలో ఒత్తిడి పెరిగి మళ్లీ రక్తం రావచ్చు. వీల్‌చైర్ సాయం టికెట్‌తో పాటే అడగండి, నడవగలిగినా సరే. సామానూ వాళ్లే చూస్తారు, ఇమిగ్రేషన్ దగ్గర మాట సాయమూ దొరుకుతుంది. పాస్‌పోర్టు ఫొటోతో ముఖం కలవక ఆటోమేటిక్ గేటు తెరుచుకోకపోవచ్చు, ఫోను కూడా ముఖం గుర్తుపట్టదు. వెళ్లేముందే ఫోనుకు అంకెల తాళం పెట్టుకుని, పాస్‌పోర్టు నంబరు, ఆపరేషన్ పేరు, తేదీతో ఆసుపత్రి ఉత్తరం తీసుకోండి. పొడుగు ప్రయాణమైతే కాళ్లకు బిగుతు మేజోళ్లు, గంటకోసారి నడక, నీళ్లు. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు రక్తం గడ్డకట్టే ముప్పు గురించి ముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉండి సీప్యాప్ యంత్రం వాడేవాళ్లు, రక్తం గడ్డకట్టని సమస్య ఉన్నవాళ్లు, ఇదివరకు మత్తుతో ఇబ్బంది పడ్డవాళ్లు ఈ ప్రయాణం ఒంటరిగా చేయకూడదు. గడ్డం ఒక్కటే, లేదా ఒక దవడ మాత్రమే అయితే, మూడు రాత్రుల నర్సును పెట్టుకుని నిభాయించుకోవచ్చు. డబుల్ జా అయితే మొదటి పది రోజులకైనా తెలిసిన మనిషి ఒకరు రావాలన్నదే మా మాట.

అక్కడినుంచి తెచ్చుకోవాల్సినవి అడిగి మరీ తీసుకోవాలి, వాళ్లంతట వాళ్లు ఇవ్వరు: ఆపరేషన్ నోట్, ఆపరేషన్ తర్వాతి సీబీసీటీ డైకామ్ ఫైళ్లు, పళ్ల ఎస్‌టీఎల్ ఫైళ్లు, చివరి స్ప్లింట్, రబ్బర్ల క్రమం, మందుల జాబితా. వాటితో పాటు ప్లేట్ల, స్క్రూల పెట్టెల మీది స్టిక్కర్లు. టైటానియం ప్లేట్లు సాధారణంగా ఎప్పటికీ ఉండిపోతాయి, కానీ ఏళ్ల తర్వాత ఏదైనా ప్లేటు దగ్గర చీము పట్టి తీయాల్సి వస్తే, ఇంటి దగ్గరి సర్జన్ మొదట అడిగేది ఏ కంపెనీ స్క్రూ అని. స్క్రూ తల ఆకారం కంపెనీని బట్టి మారుతుంది, సరైన స్క్రూడ్రైవర్ తెప్పించుకోవడానికి ఆ చిన్న స్టిక్కరే ఆధారం.